జట్టు వెనక నేల
(సయ్యద్ అబ్దుల్ రహీం స్మృతికి నివాళిగా చేసిన ప్రసంగ పాఠం)

1909 ఆగస్టు 17న పుట్టి 1963 జూన్ 11న కన్నుమూసిన సయ్యద్ అబ్దుల్ రహీంను మనం సాధారణంగా మూడు ఫలితాలతో గుర్తుపెట్టుకుంటాం: 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మరో స్వర్ణం. ఈ మూడు జట్లకూ ఆయనే శిక్షకుడు. శిక్షకుడు కాకముందు ఆయన బడిపంతులు. బడిపంతులు కాకముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున బంతి ఆడిన విద్యార్థి. జకార్తా దాకా సాగిన ఆ ప్రయాణం ఒక కళాశాల మైదానంలో మొదలైంది. ఆ మొదలు గురించి, అలాంటి మొదళ్లు ఇప్పుడెందుకు అరుదైపోయాయన్న దాని గురించి ఈ సాయంత్రం ఆలోచించాలని నా కోరిక.

మనం కలుసుకున్న చోటు ఈ ఆలోచనకు తగినదే. హైదరాబాదులోని అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట దాకా ఉన్న ఈ కాస్త దూరంలో చదువు కోసం వచ్చిన యువతీయువకులు ఎంతో దట్టంగా కనిపిస్తారు. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో శిక్షణ కేంద్రం బోర్డు లేని అంతస్తు ఉండదు, హాస్టల్ లేని సందు ఉండదు. ఇంతమంది విద్యార్థులున్న ఈ పేటకు మాత్రం ఒక విద్యార్థి జట్టంటూ లేదు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు తోచే నిర్ధారణ ఇది: విశ్వవిద్యాలయ జట్ల చరిత్రను గెలిచిన కప్పుల జాబితాగా కాకుండా నేల చరిత్రగా చదవాలి. నేల అన్న మాటలో నేను మూడింటిని కలుపుతున్నాను. ఆడుకోవడానికి చోటు, ఆడుకోవడానికి దినచర్యలో వేళ, ఆడించడానికి జీతమిచ్చి నియమించిన గురువు. ఈ మూడూ ఉన్నచోట జట్టు పుట్టింది. మూడింటిలో ఏ ఒకటి జారిపోయినా, ప్రతిభకు లోటు లేకపోయినా, జట్టు కాగితం మీది పేర్ల వరసగా మిగిలింది.

విశ్వవిద్యాలయ జట్టు అనే భావన మనకు బయటి నుంచి వచ్చిందే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు 1827లో క్రికెట్‌లోనూ, 1829లో పడవ పందెంలోనూ మొదటిసారి తలపడ్డారు. అక్కడ అది కులీనుల పిల్లల వేడుక; వాళ్లకు నేలకూ తీరికకూ కొదవ లేదు. మన దేశానికి వచ్చేసరికి ఆ భావన రూపు మార్చుకుంది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల, ఆటలు నేర్పడాన్ని శిక్షణ అవసరమైన వృత్తిగా నిలబెట్టింది. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలి ఏర్పడింది. 1935–36లో రోహింటన్ బారియా ట్రోఫీ పేరిట విశ్వవిద్యాలయాల క్రికెట్ పోటీ ఆరంభమైంది. 1956–57 నుంచి అన్ని ఆటల్లోనూ కలిపి మేటిగా నిలిచిన విశ్వవిద్యాలయానికి మౌలానా ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. ఈ తేదీల వరసలో గమనించవలసిన విషయం ఒకటుంది. ముందు గురువును తయారుచేసే కళాశాల వచ్చింది, తర్వాత విశ్వవిద్యాలయాలను కలిపే మండలి వచ్చింది, ఆ తర్వాతే పోటీ వచ్చింది. కప్పు చివర వచ్చింది. ఇప్పుడు మనం కప్పు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలని చూస్తున్నాం.

హైదరాబాదు సంస్థానంలో ఆట మొదట నవాబుల ఆవరణల్లో ఉండేది. పైగా అనే నవాబుల వంశానికి చెందిన మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు క్రికెట్ పోటీ 1930–31లో సికింద్రాబాదులో మొదలైంది. జాగీర్దార్ల కొడుకుల కోసం 1923లో బేగంపేటలో పెట్టిన జాగీర్దార్ కళాశాలే నేటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. అమీర్‌పేటకు కూతవేటు దూరంలో ఉన్న ఆ విశాలమైన ప్రాంగణాన్ని చూస్తే, పాలకవర్గం తన పిల్లల చదువులో ఆటకు ఎంత చోటిచ్చిందో అర్థమవుతుంది. ఈ పంజాగుట్ట మిట్ట మీద నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ప్యాలెస్‌కు పోలో మైదానం, తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం ఉండేవి. అంటే ఈ నేల ఆట ఎరగని నేల కాదు. ఒక కుటుంబం కోసం, దాని అతిథుల కోసం ఇక్కడ ఎకరాల కొద్దీ భూమి ఆటకే ఉండేది. అదే ఫక్రుల్‌ముల్క్‌కు బషీర్‌బాగ్‌లో అసద్‌బాగ్ అనే మరో నివాసం ఉండేది. అసద్‌బాగ్ నిజాం కళాశాల అయింది. ఎర్రమంజిల్ స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ కార్యాలయాల పాలయింది. ఒకే ప్రభువు చేతిలోని రెండు నేలల్లో ఒకటి విద్యార్థులకు దక్కింది, రెండోది దక్కలేదు. ఆ తర్వాతి వందేళ్ల క్రీడాచరిత్రలో ఈ రెండు పేటల మధ్య కనిపించే తేడాకు బీజం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

1887లో ఏర్పడిన నిజాం కళాశాల 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషు మాధ్యమంలో నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో నడిచింది. ఒకే ఊళ్లో రెండు భాషల, రెండు లోకాల ఉన్నత విద్య సాగింది. ఉస్మానియాకు సొంత ప్రాంగణం కట్టదలచినప్పుడు సయ్యద్ అలీ రజా, జైన్‌యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాల విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపారు. ఊరి మధ్య అద్దె భవనాల్లో పుట్టిన విశ్వవిద్యాలయం, ఊరి చివర అడిక్‌మెట్ దగ్గర వెయ్యి ఎకరాలకు పైబడ్డ నేలకు తరలింది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939లో ప్రారంభించారు. ఆ భవనపు గులాబిరంగు రాతి గురించి, తోరణాల గురించి మనం చాలా రాసుకున్నాం. భవనం చుట్టూ ఖాళీగా వదిలిన నేల గురించి రాసుకున్నది తక్కువ. హాస్టల్ గదికీ తరగతికీ నడిచే దూరంలో మైదానం ఉండడం అప్పటి రూపకర్తలకు అదనపు సౌకర్యం కాదు. విశ్వవిద్యాలయం అన్న మాటకు వాళ్లు చెప్పుకున్న అర్థంలో అది భాగం.

అయినా ఉస్మానియా ఫుట్‌బాల్‌కు అసలు నారుమడి అడిక్‌మెట్ కాదు, మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీ. ఆ కళాశాల పూర్వ విద్యార్థులూ అప్పటి విద్యార్థులూ కలిసి ‘ఎలెవెన్ హంటర్స్’ అనే జట్టుగా ఆడేవారు. రహీం ఈ జట్టులోనూ ఆడారు. ఇందులో రెండు తరాలు కలిసి ఆడడం అనే విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిగ్రీ చేతికి రాగానే మైదానంతో బంధం తెగిపోయే ఏర్పాటు కాదది. నేల ఉన్నచోట పెద్దవాడు మళ్లీ వస్తాడు, చిన్నవాడు అతని పక్కన నిలబడి నేర్చుకుంటాడు. పుస్తకంలో లేని విద్య ఒక తరం నుంచి మరో తరానికి చేరే దారి ఇదే. నేటి విద్యార్థి జట్టు మూడేళ్లకోసారి పూర్తిగా కొత్తదవుతుంది, పాతవాళ్లు వచ్చి ఆడేందుకు చోటుండదు. అందుకే ప్రతిసారీ అక్షరాభ్యాసం దగ్గరే మొదలుపెడుతుంది.

రహీం జీవితక్రమాన్ని నా వాదనకు ప్రధాన సాక్ష్యంగా ఉంచుతున్నాను. ఆర్ట్స్ డిగ్రీ పూర్తిచేసి ఆయన కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడయ్యారు. ఆ తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత స్వీకరించారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఒకే స్పర్శతో బంతిని అందించడం, ముందు వరస మధ్య ఆటగాణ్ణి వెనక్కి దించి ఆడించడం వంటి పద్ధతులను ఆయన 1950ల తొలి ఏళ్లలోనే అమలు చేశారు. బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలని, బంతిని తనదగ్గరే ఉంచుకుని ముందుకు నడపకూడదని నిబంధనలు పెట్టి ఆయన పోటీలు నడిపారు. ఇది బడిపంతులు బుర్ర. పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా సాధన చేయించి, తిరిగి కలపడం తరగతి గదిలో నేర్చుకున్న విద్య. విశ్వవిద్యాలయ జట్టు రహీంను గొప్ప ఆటగాణ్ణి చేసిందని నేను అనను. అది ఆయనను ఆట తెలిసిన చదువరిని చేసింది. దేశానికి దాని ఫలితం దశాబ్దాల తర్వాత దక్కింది.

దీన్నిబట్టి విశ్వవిద్యాలయ జట్టు ప్రయోజనాన్ని కొత్తగా నిర్వచించుకోవచ్చు. జట్టులోని పదకొండు మందిలో ఒకరు దేశానికి ఆడవచ్చు, ఆడకపోవచ్చు. మిగిలిన పదిమంది ఉపాధ్యాయులుగా, అధికారులుగా, రిఫరీలుగా, సంఘాల కార్యదర్శులుగా, ఆటను తూచి చూడగలిగిన ప్రేక్షకులుగా, తమ పిల్లలను మైదానానికి పంపే తల్లిదండ్రులుగా ఊరంతటా స్థిరపడతారు. ఒక ఊరి క్రీడాసంస్కృతి అంటే వీళ్లే. ఇదే సూత్రం క్రికెట్‌లోనూ కనిపిస్తుంది. 1934–35లో రంజీ ట్రోఫీ మొదలైన ఏడాదే మద్రాసుపై 132 పరుగులతో అజేయంగా నిలిచి ఆ పోటీలో తొలి శతకం సాధించిన హైదరాబాదీ ఎస్.ఎం. హాదీ, కేంబ్రిడ్జి విద్యార్థిగా టెన్నిస్ ఆడినవాడు, 1924 ఒలింపిక్స్‌కు వెళ్లినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న అబ్బాస్ అలీ బేగ్‌ను 1959లో భారత జట్టు ఇంగ్లండు పర్యటన మధ్యలో పిలిపించుకుంటే, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తన తొలి టెస్టులోనే 112 పరుగులు చేశాడు. నిజాం కళాశాల విద్యార్థి మహమ్మద్ అజహరుద్దీన్ 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టుతో అడుగుపెట్టి మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు శతకాలు చేశాడు. హాదీకీ బేగ్‌కూ మైదానం దొరకడానికి సముద్రం దాటవలసి వచ్చింది. అజహరుద్దీన్ నాటికి అది బషీర్‌బాగ్‌లోనే దొరికింది. ఈ మధ్యకాలంలో జరిగిన మార్పుకు నేను పెట్టే పేరు, మైదానం ప్రజల పరం కావడం.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఆ స్వర్ణయుగం ఎవరిది? ఆ జట్లలో ఆడపిల్లలెక్కడ, పల్లె పిల్లలెక్కడ, అణగారిన కులాల పిల్లలెక్కడ? ఆక్షేపణ బలమైనదే. ఉస్మానియా మహిళా కళాశాల 1924 నుంచీ ఉన్నా, పాత జట్ల గురించి మాట్లాడినప్పుడు మన నోట వచ్చేవి మగవాళ్ల పేర్లే. తులసీదాస్ బలరాం వంటి మహా ఆటగాడు సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ నుంచి వచ్చాడు. ఆయనను తయారుచేసింది ఏ కళాశాలా కాదు. ఒక జట్టులో ఆడినంత మాత్రాన మనుషుల మధ్య గోడలు కూలిపోతాయన్న మాటనూ చరిత్ర పూర్తిగా సమర్థించదు. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఇదే ఉస్మానియా తన విద్యార్థులను బహిష్కరించింది, వాళ్లలో పి.వి. నరసింహారావు వంటివారు నాగపూరు వెళ్లి చదువుకున్నారు. ఇదంతా ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఈ ఆక్షేపణ మైదానం ఉండకూడదని చెప్పదు, అది అందరిదీ కావాలని చెబుతుంది. గ్రంథాలయంలోకి ఒకప్పుడు అందరినీ రానివ్వలేదు కాబట్టి గ్రంథాలయాన్ని మూసేద్దామని ఎవరూ అనలేదు, తలుపులు తెరిపించారు. మైదానం విషయంలో మాత్రం, అందరూ లోపలికి రాగలిగే రోజులు వచ్చేసరికి మైదానమే కరిగిపోవడం మొదలైంది. మొదటి తరం విద్యార్థులకు దక్కవలసిన వాటా దక్కకుండా పోయింది. అందుకే ఈ ప్రశ్న గతవైభవం మీద బెంగకు సంబంధించింది కాదు, న్యాయానికి సంబంధించింది.

ఆ కరిగిపోవడం ఒక్కరోజులో జరగలేదు, ఎవరో ఒకరి కుట్రా కాదు. ఒక్కొక్కటీ తనకు తానుగా సబబైన నిర్ణయమే. 1971లో ఇంటర్మీడియెట్ విద్యకు వేరే బోర్డు ఏర్పడింది. పరిపాలనకు అది మేలే. అయితే శరీరం ఆటకు ఒదిగే పదహారు, పదిహేడేళ్ల వయసు అప్పటి నుంచి విశ్వవిద్యాలయపు గొడుగు కింద లేకుండా పోయింది. ఆ రెండేళ్లు క్రమంగా ప్రవేశపరీక్షల పరమై, మైదానమన్న మాటే లేని అపార్ట్‌మెంటు కళాశాలల చేతికి వెళ్లాయి. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2006 నుంచి నిజామాబాదు, నల్లగొండ, పాలమూరుల్లో మరికొన్ని వచ్చాయి. ఆయా ప్రాంతాలకు అవి అవసరమే. కానీ ఒకప్పుడు తెలంగాణ జిల్లాలన్నిటి నుంచీ ఉస్మానియా సెలెక్షన్లకు వచ్చే పిల్లలు ఇప్పుడు అనేక చిన్న జట్లుగా విడిపోయారు. ఇక ఆట ముగిసిన తర్వాతి కొలువు సంగతి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆటగాడికి ఉద్యోగమిచ్చి, సొంత జట్టులో ఆడించే స్థానిక సంస్థలు ఒక్కొక్కటే తప్పుకుంటే, కొడుకును మైదానానికి పంపే తండ్రికి చెప్పుకోవడానికి కారణం మిగలదు. బడి, కళాశాల, విశ్వవిద్యాలయం, కొలువు అనే గొలుసులో లంకెలు ఇలా ఒక్కోచోట ఊడిపోయాయి.

ఆ గొలుసు తెగిన తర్వాతి ప్రపంచాన్ని చూడడానికి ఈ సభ నుంచి బయటికి అడుగుపెడితే చాలు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు 1990ల తర్వాతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెల్లువతో పెరిగాయి. ఇక్కడ చదువు నెలల లెక్కన కొలిచే కోర్సు. విద్యార్థి ఉదయం ఒక బ్యాచి, సాయంత్రం మరో బ్యాచి. శిక్షణ కేంద్రాల నియంత్రణ కోసం కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, తరగతిలో ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటు ఉండాలన్నాయి. ఆ మాత్రమైనా ఉండాలని చెప్పవలసి వచ్చిందంటేనే పరిస్థితి తెలుస్తుంది. దీన్ని మరో లెక్కతో పోల్చి చూద్దాం. అంతర్జాతీయ కొలతల ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. మొత్తం 7,140 చదరపు మీటర్లు. ఆడేవాళ్లు ఇరవై రెండుమంది. తలా దాదాపు 324 చదరపు మీటర్లు. ఒక యువకుడికి సమాజం ఒక చదరపు మీటరు ఇస్తుందా, 324 ఇస్తుందా అన్నది అతని నుంచి ఏం ఆశిస్తోందో చెబుతుంది. ఒక చదరపు మీటరులో కూర్చోవచ్చు, వినవచ్చు, రాసుకోవచ్చు. పక్కవాడికి బంతి అందించడం నేర్చుకోలేం.

దీనికి అమీర్‌పేట పక్షాన వచ్చే జవాబు నాకు తెలియనిది కాదు, దాన్ని గౌరవంగా వినాలి. శ్రీకాకుళం నుంచో, అనంతపురం నుంచో, ఆదిలాబాదు నుంచో అప్పుచేసి వచ్చిన పిల్లవాడికి ఆట విలాసమనీ, నాలుగు నెలల్లో ఉద్యోగం సంపాదించి చెల్లెలి పెళ్లికో తండ్రి వైద్యానికో డబ్బు పంపడమే అతని ధర్మమనీ, ఈ వీధులు వేల కుటుంబాలను ఆ విధంగా నిలబెట్టాయనీ ఆ జవాబు. ఇందులో ప్రతి మాటా నిజం. విశ్వవిద్యాలయాలు ఇవ్వలేని పనితనాన్ని ఈ గదులు ఇచ్చాయి. అందుకే నా అభియోగం అమీర్‌పేట మీద కాదు. మూడేళ్లో నాలుగేళ్లో కళాశాలలో గడిపి వచ్చిన యువకుడికి పని విద్య కోసం ఇక్కడికి రావలసిన అవసరం కలిగిందంటే, ఆ కళాశాల అతనికి విద్యా ఇవ్వలేదు, మైదానమూ ఇవ్వలేదు. రెండింటికీ పడిన తాళం ఒకటే. మైదానాన్ని తీసేసిన కళాశాల, ఆ మిగిలిన వేళను ప్రయోగశాలకో గ్రంథాలయానికో ఇచ్చి ఉంటే ఆట పోయినా చదువైనా దక్కేది. అలా జరగలేదు. పేదవాడికి ఆట విలాసమనే మాట కూడా చరిత్రకు నిలవదు. రహీం తీర్చిదిద్దిన పోలీసు జట్టు ఆటగాళ్లు సంపన్నుల బిడ్డలు కారు, కొలువు చేసుకుంటూ ఆడినవాళ్లు. వాళ్లకు లోపం లేకుండా దొరికింది నేల.

రెండో ఆక్షేపణ మరింత పదునైనది. హైదరాబాదు నేడు ప్రపంచానికి ఇచ్చిన విజేతలు విశ్వవిద్యాలయ జట్ల నుంచి రాలేదు కదా? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. పి.వి. సింధు రియోలో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చింది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లలో వరసగా ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. అకాడమీ ఈ పని ఇంత బాగా చేస్తున్నప్పుడు విశ్వవిద్యాలయం దేనికని అడగవచ్చు. అకాడమీ గొప్పదనాన్ని తగ్గించి చూపవలసిన అవసరం నాకు లేదు. ఆ పని వేరు, ఈ పని వేరు. అకాడమీ వడపోస్తుంది, వేలమందిలో ఒకరిని ఎంచి ఆ ఒక్కరికి సర్వస్వం ఇస్తుంది. వడపోతలో కిందికి జారిన పిల్లల గతేమిటన్న ప్రశ్నకు అది జవాబుదారీ కాదు. కళాశాల జట్టు ఆ మిగిలినవాళ్ల కోసం. పైగా విజేతల వెనక కథను కాస్త లోతుగా చూస్తే పాత గొలుసు మళ్లీ కనిపిస్తుంది. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, రైల్వే ఉద్యోగి. జట్టు ఆటలో, ఆటగాడికి కొలువిచ్చిన సంస్థలో నిలదొక్కుకున్న ఇంట్లో ఆ అమ్మాయి పెరిగింది. నేటి అకాడమీలకు పిల్లలను పంపుతున్నవాళ్లలో నిన్నటి జట్లలో ఆడినవాళ్లున్నారు. ఆ తరం తర్వాత ఏ తరం పంపుతుందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

మూడో ఆక్షేపణ లోపలి నుంచే వస్తుంది. జట్లు ఉన్నాయి కదా, 2020లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కూడా మొదలయ్యాయి కదా, ఇంకేం కావాలని. పోటీ పెరగడం సంతోషమే. కానీ పతకాల లెక్క ఒక్కటే కొలమానమైతే ఒక సులువైన దారి తెరుచుకుంటుంది. ఇప్పటికే మరోచోట శిక్షణ పొందిన క్రీడాకారులను పేరుకు చేర్చుకుని, వాళ్ల పతకాలను తన ఖాతాలో వేసుకోవడం. ఆ విధంగా నిండిన అద్దాల బీరువా ముందు నిలబడ్డ సాధారణ విద్యార్థికి ఆ పతకాలతో సంబంధమేముంటుంది? కట్టడాల విషయమూ అంతే. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కోసం ఉస్మానియా ప్రాంగణంలో సైక్లింగ్ వెలోడ్రోమ్ కట్టారు. ఒక ఘట్టం కోసం కట్టినది ఆ ఘట్టంతో ముగియకుండా ఉండాలంటే, రోజూ సాయంత్రం నాలుగున్నరకు అక్కడికి వచ్చే విద్యార్థులుండాలి, వాళ్లకంటే ముందే వచ్చి నిలబడే గురువుండాలి. రిటైరైన ఫిజికల్ డైరెక్టర్ స్థానంలో మరొకరిని వేయకుండా కుర్చీని ఖాళీగా ఉంచే కళాశాలలో ఎంత ఖరీదైన కట్టడమైనా గడ్డి మొలిచిన గోడే.

కనుక నేను కోరేవి పెద్ద కోరికలు కావు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. కళాశాలకు అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు విశ్వవిద్యాలయం కనీసం అదే ప్రశ్నను నిజాయితీగా అడగాలి. సొంత మైదానం లేని కళాశాలలు దగ్గరి ప్రభుత్వ బడి మైదానాన్ని బాగుచేసి, దాన్ని ఆ బడి పిల్లలతో పంచుకునే ఒప్పందం చేసుకోవాలి. వ్యాయామోపాధ్యాయుల ఖాళీలు గణితోపాధ్యాయుల ఖాళీలంత వేగంగా నిండాలి. దినచర్యలో ఒక గంట ఆటకు కేటాయించి, ఆ గంటను అదనపు తరగతులు మింగకుండా చూడాలి. ఆడపిల్లల జట్టుకు అదే మైదానం, అదే వేళ, అదే ప్రయాణ ఖర్చు దక్కాలి. అమీర్‌పేట, పంజాగుట్టల్లో కొత్త మైదానానికి నేల దొరకదన్నది నిజం. అయితే ఈ నగరంలో మిగిలివున్న పాత మైదానాలను బహిరంగ సభలకూ ప్రదర్శనలకూ పార్కింగుకూ అప్పగించకుండా ఉండడం మన చేతిలో ఉంది. పోయిన నేలను తిరిగి సంపాదించడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఉన్న నేలకు కాపలా కాయడం మొదటి కర్తవ్యం.

రహీం ఈ నగరానికి ఇచ్చిన పాఠాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోవాలంటే, ఆట నేర్పదగిన విద్య అని ఆయన నిరూపించారు. నేర్పదగిన ఏ విద్యకైనా చోటు, వేళ, గురువు కావాలి. గణితానికి ఇవి ఇచ్చాం, కంప్యూటరుకు ఇచ్చాం. ఆటకు మాత్రం ఇవేవీ ఇవ్వకుండా, ఒలింపిక్స్ జరిగే ఏడాది మాత్రం పతకం ఎందుకు రాలేదని అడుగుతున్నాం. ఆయన స్మృతికి నిజమైన నివాళి విగ్రహం కాదు, పురస్కారం కాదు. సాయంత్రం పూట బంతి చప్పుడు వినిపించే ఒక కళాశాల ఆవరణ. ఫక్రుల్‌ముల్క్ విడిచి వెళ్లిన రెండు నేలల్లో పంజాగుట్ట మీదిది మన చేయి దాటిపోయింది. బషీర్‌బాగ్‌లోది ఇంకా మైదానంగానే ఉంది. దాన్ని విద్యార్థులకే ఉంచమని ఈ సభాముఖంగా కోరుతున్నాను.